మొగుడు రాకముందే మాత్ర

ఆ ఊళ్ళో పిల్లలందరూ ఉగాదికి అటో ఇటో పుట్టినవాళ్ళే. మందస నుంచి సముద్రం వైపు పోయే దారిలో జీడితోటలు దాటాక, ఇసుక మీద నిలబడిన ఊరది. మగవాళ్ళు వినాయకచవితికి ముందే గుజరాత్‌లోని వెరావల్‌కి బోట్ల మీద పనికి పోతారు. అక్కడి సముద్రం వానలకి విరుచుకుపడే వేళకి, జ్యేష్ఠంలో, తిరిగొచ్చి పలాసలో రైలు దిగుతారు. రెండు నెలలు ఇంటిపట్టున ఉంటారు. ఆ రెండు నెలల కాపురం ఉగాదినాటికి ఇంటింటా ఉయ్యాల్లో ఏడుస్తూ ఉంటుంది.

పిల్లలు ఇక వద్దనుకునే ఆడవాళ్ళు లేక కాదు, మాత్రల సంగతి తెలియకా కాదు. ఉపకేంద్రం నర్సు జీవరత్నమ్మ అడిగిన వాళ్ళకల్లా మాత్రల అట్టలు ఉచితంగా ఇస్తూనే ఉంది. వాళ్ళు వాటిని బియ్యం డబ్బాలో దాచుకుని, మొగుడు రైలు దిగిన సాయంత్రం మొదటి మాత్ర మింగేవారు. అతను మళ్ళీ రైలెక్కిన రోజు మానేసేవారు. తలనొప్పి వచ్చినప్పుడే కదా తలనొప్పి మాత్ర వేసుకుంటాం, ఇదీ అంతే అనుకున్నారు. పైకి అనని మాట ఇంకొకటుంది. మొగుడు ఊళ్ళో లేనప్పుడు ఆ మాత్ర మింగే ఆడదాన్ని ఊరు ఊరికే వదలదు.

నూకరత్నం రెండో కూతురు అలా రైలు రోజు మాత్రకి పుట్టిన పిల్లే. ఆ కాన్పులో రక్తం ఆగలేదు. జీపులో టెక్కలి ఆస్పత్రికి చేరేసరికి ఆమెకి మనుషులు నీడల్లా కనిపించారు. డాక్టరమ్మ ప్రాణం నిలబెట్టింది గానీ, ఇప్పట్లో మళ్ళీ కడుపు వస్తే బతికిస్తానని చెప్పలేనంది. పోనీ ఆపరేషన్ చేసెయ్యమంటే, ఒంట్లో ఈ మాత్రం రక్తంతో కుదరదు, పట్టాక రమ్మంది. నిరుడు మొగుడు యువరాజు వచ్చినప్పుడు నూకరత్నం పుట్టింట్లో మంచం మీదే ఉంది కాబట్టి గండం తప్పింది. ఈ ఏడు తప్పే దారి ఆమే వెతుక్కోవాలి. రెండువేల నాలుగు, ఎండలు ముదిరిన రోజులు. యువరాజు రావడానికి ఇంకా నెల పైన ఉంది.

ఎండుచేపల గంప మందస సంతలో ఖాళీ చేసి, తిరుగుదారిలో ఉపకేంద్రం మెట్లెక్కింది. జీవరత్నమ్మ కాశీబుగ్గ నుంచి వచ్చిపోయే మనిషి, బాప్టిస్టు చర్చిలో పాటలు ఎత్తుకునే గొంతు. నూకరత్నం చెప్పుకున్నదంతా విని, ఆ గొంతుతోనే మెల్లగా అడిగింది, మీరంతా మాత్ర ఏ రోజు మొదలుపెడతారు అని.

"ఆల్లు రైలు దిగిన్నాడు," అంది నూకరత్నం.

జీవరత్నమ్మ ఇన్నేళ్ళూ అట్టలు పంచింది గానీ ఈ ప్రశ్న ఎవరినీ అడగలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని విడమరిచి చెప్పింది. మాత్ర నెలసరితో మొదలుపెట్టి రోజూ వేసుకోవాలి. మధ్యలో మొదలుపెడితే అది ఒంటికి పట్టడానికి వారం పడుతుంది, ఆ వారం మగవాడు నిరోధ్ తొడుగు వాడాల్సిందే. గర్భసంచిలో లూప్ వేయించుకుంటానంటే వద్దంది. దానితో నెలసరి ఎక్కువైతే ఉన్న రక్తమూ పోతుంది. మాత్రతో నెలసరి తగ్గుతుంది, అట్ట చివర ఉండే ఎర్ర మాత్రలు రక్తానికి మంచివి. కిడ్నీ జబ్బులున్న ఈ ఉద్దానంలో బీపీ చూడకుండా ఎవరికీ మాత్ర ఇవ్వనని చేతికి పట్టీ చుట్టి చూసింది. బాగానే ఉంది. ఈ నెలసరితోనే మొదలుపెట్టు, అతనొచ్చేసరికి అట్ట అయిపోవస్తుంది, అంది.

"మొగుడు లేనప్పుడా, సిస్టరమ్మా?"

"లేనప్పుడే. ఊరు ఏదో అంటుంది మరి. ఆలోచించుకో."

జీడితోటల గుండా నడుస్తూ నూకరత్నం ఆలోచించుకుంది. మాట పడాల్సి వస్తే బతికుండి పడొచ్చు. ఇల్లు చేరేసరికి ఆమెకి రెండో ఆలోచన లేదు.

దాచలేదు కూడా. దాచితే తనే దొంగనని ఒప్పుకున్నట్టు. అట్టని గోడ అద్దం అంచున దోపింది. సాయంత్రం గంజి తాగాక గుమ్మంలో కూర్చుని, పిల్లలు చూస్తుండగా, దారిన పోయేవాళ్ళు చూస్తుండగా మాత్ర మింగేది. వారం తిరక్కుండానే బోరింగు దగ్గర మాటలు మొదలయ్యాయి. ఒకరోజు బిందె పెట్టబోతుంటే కాంతమ్మ అందరికీ వినిపించేలా అంది.

"ఏటే నూకా, పడవ రాకుండానే గంపట్టుకుని నిలబడిపోనావేటి?"

"పడవొచ్చినాక గంప ఎతుక్కుంటే సేపలు కాకులకే పోతాయప్పా," అని నూకరత్నం బిందె ఎత్తుకుంది.

నవ్విన వాళ్ళు నవ్వారు. అత్త బంగారమ్మకి మాత్రం నవ్వు రాలేదు. ఆవిడకి కావలసింది పడవెక్కే మనవడు. మగపిల్లాడు లేని యింట్లో కోడలు పిల్లలు పుట్టకుండా మాత్ర మింగడమే ఒక తప్పు. కొడుకు ఊళ్ళో లేనప్పుడు మింగడం అంతకంటే పెద్ద తప్పు. ఒక పొద్దున్న అట్టని అద్దం మీంచి లాగి పొయ్యిలో పడేసింది. అక్కడితో ఆగకుండా హరిపురం వెళ్ళి, ఎస్టీడీ బూత్ నుంచి వెరావల్ బోటు యజమాని నంబరుకి ఫోను చేయించి, నీ పెళ్ళాం ఎవరి కోసం మాత్రలు మింగుతోందో వచ్చి అడుగు అని కొడుక్కి చెప్పింది.

నూకరత్నం బూడిదలోంచి వెండికాగితం తీసి చూసి, చీరకొంగు దోపుకుని ఉపకేంద్రానికి బయల్దేరింది. తలుపుకి తాళం. జీవరత్నమ్మ పోలియో చుక్కల పని మీద ఊళ్ళు తిరుగుతోంది. రోజూ వెళ్ళి తాళం చూసి రావడమే అయింది. ఆమె దొరికేసరికి మాత్ర తప్పిన రోజులు ఎక్కువైపోయాయి, అటు మగవాళ్ళ రైలు బయల్దేరిపోయింది.

"ఇప్పుడు ఒకటి చాలదు," అంది జీవరత్నమ్మ. కొత్త అట్ట ఇచ్చి, దాని మీద నిరోధ్ పొట్లాలు పెట్టింది. "రెండూ కావాలి. ఇది నువ్వు మింగితే సరిపోతుంది. అది అతను ఒప్పుకుంటేనే."

"ఒప్పుకోపోతే?"

"అప్పుడు ఆ వారం దగ్గరికి రానివ్వకు. చెప్పడం తేలికే, నాకూ తెలుసు."

మగవాళ్ళు దిగారు. ఊరంతా సంచులు విప్పుకుంటుంటే యువరాజు సంచి గుమ్మంలోనే ఉండిపోయింది. మర్నాడు పొద్దున్నే వలల పాక కింద పెద్దలు కూర్చున్నారు. కులపెద్ద సన్యాసయ్య మంచివాడే, కాకపోతే తన తాత ఎలా తీర్పు చెప్పాడో అలాగే చెప్పే మనిషి. బంగారమ్మ చెప్పుకున్నదంతా విన్నాడు. గంగమ్మ గుడి ముందు కర్పూరం వెలిగించి, అరచేత్తో ఆర్పి, నేను తప్పు చెయ్యలేదని ఒట్టు వేస్తే సరిపోతుందన్నాడు. తప్పు చెయ్యనిదానికి అదెంత పని అన్నట్టు అందరూ నూకరత్నం వైపు చూశారు. యువరాజు మాత్రం ఇసుక వైపు చూస్తున్నాడు.

నిజానికి అది తేలికైన పనే. చెయ్యి కాస్త చురుక్కుమంటుంది, అంతే. ఆమె మనసులో మచ్చ లేదు, గంగమ్మంటే భయమూ లేదు. గుడి వైపు ఒక అడుగు వేసింది కూడా. పాక బయట నిలబడ్డ ఆడవాళ్ళు కనిపించారు. వాళ్ళలో మోహిని ఉంది. మూడు కాన్పులకే పళ్ళూడిన ముసలిదానిలా నీరసపడిన పిల్ల, ఇంకా పాతికేళ్ళు నిండలేదు. మోహిని ఆమె మొహం చూడటం లేదు, ఆమె చేతిని చూస్తోంది. నూకరత్నం ఆగిపోయింది.

"నానొట్టెయ్యను, పెదనాయినా."

సన్యాసయ్య కళ్ళు చిట్లించాడు. ఒట్టు వెయ్యకపోతే తప్పు ఒప్పుకున్నట్టేనని గుర్తు చేశాడు.

"తప్పు సేసి కాదు. నానియ్యాల కర్పూరం ఆర్పితే రేపు మాత్రేసుకున్న పెతీ ఆడదీ ఆర్పాల. ఆ బయానికి మానీత్తారు. మానీసి, కడుపులతో సత్తారు. నానెలాగ సావబోనానో ఆ జీపులో కూకున్నోలు ఈడే ఉన్నారు, అడగండి."

"అయితే గంగమ్మ తల్లి ముందు నిలబడనంటావు."

"తల్లి నన్నేటీ అడగనేదు. అడుగుతున్నోలు మీరు. మీరేటనుకున్నా సరే, నాను మానను."

బంగారమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చివరికి సన్యాసయ్య, ఒట్టు వేసేదాకా ఊరి ఆడవాళ్ళు ఈమెని సంతకి పోయే ఆటోలో ఎక్కించుకోకూడదని చెప్పి లేచాడు. యువరాజు ఇంటికి రాకుండా అటునుంచి అటే పడవల పాకకి పోయాడు.

మర్నాడు సంతకి ఆటో ఆమెని దాటి వెళ్ళిపోయింది. నూకరత్నం గంప నెత్తిన పెట్టుకుని మందసకి నడిచింది. కాళ్ళు మండాయి, కళ్ళు తిరిగితే జీడిచెట్టు కింద కూర్చుంది. మళ్ళీ లేచి నడిచింది. సంతలో ఆమె చేపలూ అందరి చేపల్లాగే అమ్ముడుపోయాయి. తిరిగొస్తుంటే ఊరి మొదట్లో మోహిని కట్టెలు ఏరుతున్నట్టు నిలబడి ఉంది. అటూ ఇటూ చూసి, ఎన్నాళ్ళ ముందు మొదలెట్టాలి అప్పా అని గొణిగింది.

"ఇనబడనేదు. గట్టిగా అడుగు," అంది నూకరత్నం.

మోహిని మళ్ళీ అటూ ఇటూ చూసింది. తర్వాత కాస్త గట్టిగానే అడిగింది. నూకరత్నం గంప దించి, మధ్యలో మొదలెడితే నిరోధ్ సంగతితో సహా అన్నీ చెప్పింది.

మూడో రోజు దీపాల వేళకి యువరాజు వచ్చాడు. పిల్లలు అతని మీద పడ్డారు. చిన్నది తండ్రిని గుర్తుపట్టక ఏడ్చి, తర్వాత మీసం లాగింది. పిల్లలు నాయనమ్మ దగ్గరికి పోయాక అతను గోడకి ఆనుకుని అడిగాడు.

"ఒట్టేసుంటే నీ సొమ్మేటి పోయింది? నా పరువు నిలబడీది కదా."

నూకరత్నం అద్దం మీది అట్ట తీసి, అతని ముందే మాత్ర మింగి నీళ్ళు తాగింది. తర్వాత పెట్టెలోంచి నిరోధ్ పొట్లాలు తెచ్చి చాప మీద పెట్టింది. యువరాజు వాటిని చూసి పక్కకి జరిగాడు.

"ఇయ్యి సెడ్డ తిరుగుల్లు తిరిగేవోలకిత్తారు. ఆడ హార్బర్ కాడ గోనిసంచితో తెచ్చి పంచీవోరు, ఎయిడ్స్ ఆపీసోలు."

"నువ్వు తీసుకున్నావా, మావా?"

"నాకేటి పని? నాను తీసుకోనేదు."

"నాను నమ్మినాను. నిన్ను కర్పూరం ఆర్పమన్నానేటి?"

ఏడాదిలో పది నెలలు తను ఎక్కడెక్కడ పడుకున్నాడో ఈమె ఒక్కసారీ అడగలేదన్న సంగతి అతనికి అప్పుడే తట్టినట్టుంది. మీసం నిమురుకుంటూ, గొంతు తగ్గించి, మాత్ర మింగుతున్నావు కదా, మళ్ళీ ఇదెందుకు అన్నాడు.

"మీ యమ్మ పాత అట్ట పొయ్యిలో ఎట్టీసింది. కొత్తది పట్టడానికి వారం కావాల."

"వారమేనా?"

"వారం తరవాత కూడా. మల్లీ ఎవులు పొయ్యిలో ఎట్టేత్తారో నాకేటి తెలుసు? నువ్వు రైలెక్కీదాకా రెండూ ఉంటాయి. నాను సత్తే ఈ ఆడగుంటల్ని వెరావల్ తీస్కెల్తావేటి?"

యువరాజు గుమ్మం బయట కూర్చున్న తల్లి వీపు వైపు చూశాడు. లేచి తలుపు దగ్గరగా వేశాడు. పొట్లం ఒకటి చేతిలోకి తీసుకుని, దీపం దగ్గరికి వంగి, దాని మీది బొమ్మని ఎగాదిగా చూస్తూ, "ఇదెలాగే చింపడం?" అన్నాడు.

ఆటో శిక్ష అలాగే నడిచింది. సన్యాసయ్య మాట వెనక్కి తీసుకోలేదు, నూకరత్నమూ అడగలేదు. సంత రోజుల్లో యువరాజు గంప తను ఎత్తుకుని జీడితోటల దాకా దిగబెట్టేవాడు. అది చూసి మగవాళ్ళు ఎగతాళి చేస్తే, నా గంప నేను మోసుకుంటున్నాను, మీకేమిటి నొప్పి అనేవాడు. కర్పూరం మాట మళ్ళీ ఎత్తలేదు. క్షమించమనీ అనలేదు.

శ్రావణంలో మగవాళ్ళు మళ్ళీ రైలెక్కారు. కాంతమ్మ పులుపు అడుగుతోందని, ఫలానా ఇంట్లో కోడలు అన్నం వాసనకే వాంతి చేసుకుందని బోరింగు దగ్గర కబుర్లు వినిపించసాగాయి. బంగారమ్మ రోజూ పొద్దున్నే కోడలి మొహం కేసి ఆశగా చూసేది. నూకరత్నం మాత్రలు ఆపలేదు. రక్తం పట్టాక టెక్కలి వెళ్ళి తనే ఆపరేషన్ చేయించుకోవాలని ఆమె నిశ్చయం. అందాకా రోజూ గుమ్మంలోనే కూర్చుని మింగుతోంది.

ఆ నెల అట్టలో ఎర్ర మాత్రల మీదికి వచ్చాక నెలసరి అయింది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు ముట్టుగుడ్డలు ఇంటి వెనక, చీర కింద కప్పి ఆరేస్తారు. నూకరత్నం వాటిని శుభ్రంగా ఉతికి, నీళ్ళు పిండి, దారి వైపున్న తాడు మీద ఒక్కొక్కటీ పరిచింది. బోరింగుకి పోయేవాళ్ళు ఆగి చూసి, మళ్ళీ నడిచారు.

"ఎనక్కెట్టుకుని ఎండెయ్యే, ఊరంతా సూత్తంది," అంది బంగారమ్మ అరుగు మీంచి.

"ఎండ ఈ పక్కనే ఉందత్తా," అని నూకరత్నం ఇంకో గుడ్డ దులిపింది.