ముందు వరుసలో సిటిజన్లు

వాళ్లు వచ్చిన ఉదయం న్యూజెర్సీలోని మా పార్సిప్పనీలో వాన. మా ఎదురింటి ఉమ తలుపు తీసింది. గుమ్మం ముందు ఇద్దరు మగవాళ్లు, ఒక ఆడమనిషి తడిసిపోయి నిలబడి ఉన్నారు. యూనిఫారాలు లేవు. కింద పార్క్ చేసిన కారుకు దెబ్బ తగిలిందనీ, ఆ విషయం మాట్లాడాలనీ అన్నారు. ఇమిగ్రేషన్ వాళ్లు వస్తే తలుపు తీయకుండానే మాట్లాడవచ్చు, జడ్జి సంతకం చేసిన వారెంటు ఉందా అని అడగవచ్చు. ఆ సంగతులన్నీ దేదీప్యే ఉమకు కూర్చోబెట్టి నేర్పింది. కానీ వానలో వచ్చిన మనిషిని గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడటం ఉమకు చేతకాదు. “కమిన్, కమిన్” అంటూ లోపలికి వెళ్లి, తల తుడుచుకోమని తువ్వాలు తెచ్చింది.

తువ్వాలు అందుకున్న చెయ్యే తలుపును గోడదాకా తోసింది.

దేదీప్య ఉమ ఇంట్లో పేయింగ్ గెస్ట్. వరంగల్ పిల్ల, స్టూడెంట్ వీసా మీద పీహెచ్‌డీ చేస్తోంది. నైట్ డ్రెస్ మీద కోటు తొడుక్కునే సమయమైనా ఇవ్వకుండా చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశారు. అలికిడికి నేను నా తలుపు తీశాను. ఆమె బూట్ల లేసులు వేలాడుతున్నాయి. ఆ ఆడమనిషి ఒక్క క్షణం ఆగి, మోకాళ్ల మీద కూర్చుని రెండు లేసులూ కట్టింది. మెట్ల మీద తొక్కుకుని పడిపోతుందని కాబోలు. ఆ దయను నా కళ్లతో చూశాను. లేసులు కట్టిన ఆ చేతులే ఆమెను వ్యాన్‌లోకి తోశాయి.

“ఆంటీ, ఏడ్వకుండ్రి. లాయర్‌కి ఫోన్ చెయ్యుండ్రి,” అంది దేదీప్య వెనక్కి తిరిగి.

ఆమె చేసిన నేరం ఏమిటంటే, తోటి విద్యార్థిని ఇలాగే పట్టుకుపోతే యూనివర్సిటీ మైదానంలో మైకు పట్టుకుంది. ఆమె పరిశోధన కూడా అదే, జనం వీధిలోకి వస్తే ప్రభుత్వాలు ఏం చేస్తాయన్నది. సాయంత్రం టీకి వచ్చినప్పుడు చెప్పేది. హాంకాంగ్‌లో ముసుగులు నిషేధించారు. ఢాకాలో ఇంటర్నెట్ ఆపేశారు. శాంటియాగోలో కళ్లలోకి పెల్లెట్లు కొట్టారు. ఢిల్లీ సరిహద్దులో రైతుల దారిలో మేకులు దిగ్గొట్టారు.

“మరి ఇక్కడ ఏం చేస్తారమ్మా?” అని అడిగాను ఒకసారి.

“ఇక్కడ అంత కష్టపడరు అంకుల్. ఒక్క ఈమెయిల్ వస్తది, వీసా స్టేటస్ పోతది,” అని నవ్వింది.

ఆమెను పట్టుకుపోయిన సాయంత్రమే మా కాంప్లెక్స్ క్లబ్‌హౌస్‌లో మీటింగ్. పుట్టినరోజులకూ బతుకమ్మకూ తప్ప ఆ హాల్లో మేమెప్పుడూ కలుసుకోలేదు. లాయర్ చెప్పింది చిన్న మాటే. దేదీప్య ఇంకా న్యూజెర్సీలోనే, నగరం అంచున ఉన్న డిటెన్షన్ సెంటర్‌లో ఉంది. రేపు మధ్యాహ్నం జడ్జి పిటిషన్ వింటాడు. ఆ లోపల ఆమెను ఎక్కడో దక్షిణాదిన ఉన్న లూసియానాకు తరలిస్తే ఇక్కడి జడ్జికి ఇక అందదు. వ్యాన్ బయటికి పోకుండా గేటు ముందు కూర్చుందామంది ఉమ.

“ఎమోషనల్ అవ్వకండి బ్రదర్,” అన్నాడు జగదీష్. మా కాంప్లెక్స్‌లో సగంమంది వీసాలు అతని కన్సల్టెన్సీ పేరు మీదే ఉన్నాయి. “మనం గెస్టులం. గెస్టులు గెస్టుల్లా ఉండాలి. నా ఎంప్లాయీస్ ఎవరైనా అక్కడ వీడియోలో కనిపించారనుకోండి, నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు.”

“టాక్సులు కోసుకునేటప్పుడు గెస్టులని వదిలేస్తున్నారా?” అంది ఉమ.

“అక్కా, ఏమనుకోకండి,” అన్నాడు శశికాంత్. జగదీష్ దగ్గరే పనిచేస్తాడు, గ్రీన్ కార్డ్ క్యూలో ఏళ్లుగా నిలబడి ఉన్నాడు. “తలుపు తీసింది మీరు. ఇప్పుడు మమ్మల్నందర్నీ రోడ్డు మీద కూర్చోమంటే ఎలా?”

ఉమ అతని వైపు తిరిగింది.

“అవును శశీ. నేనే తీశాను. టవల్ కూడా నేనే ఇచ్చాను. నేను వెళ్తున్నాను. నువ్వు తీయలేదుగా, ఇంట్లో పడుకో.”

అప్పుడు అనుష్క లేచింది. ఇక్కడే పుట్టిన పిల్ల. “అంకుల్, ఫైట్ చేయొద్దు ప్లీజ్. ప్లాన్ ఉంది. సిటిజన్స్ ముందు కూర్చుంటారు. గ్రీన్ కార్డ్ వాళ్లు బిహైండ్. హెచ్‌వన్ వాళ్లు దూరంగా కార్స్ దగ్గర, వాటర్ ఇస్తారు. అరెస్ట్ వస్తే ఫస్ట్ మేము వెళ్తాం.”

ఒకే దేశంలో బతికే మనుషులం కాగితాల ప్రకారం ఎవరం ఎక్కడ కూర్చోవాలో ఆ పిల్ల మాకు వరుసలు గీసి చూపించింది. సిగ్గేసింది. ధైర్యమూ వచ్చింది. నా భార్య రేణు చనిపోయిన ఏడాదే నాకు సిటిజన్‌షిప్ వచ్చింది. అదెందుకో ఇన్నాళ్లూ నాకు తెలియలేదు.

మర్నాడు డిటెన్షన్ సెంటర్ గేటు ముందు తారు మీద కూర్చున్నాం. చలి ఎముకల్లోకి దిగుతోంది. గ్రీన్ కార్డ్ మాత్రమే ఉన్న ఉమ వెనక వరుసలోంచి లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. అనుష్క వద్దంటే వినలేదు. మాకంటే ముందే అక్కడికి స్పానిష్ మాట్లాడే ఆడవాళ్లు వచ్చి ఉన్నారు. వాళ్ల భర్తలూ అన్నదమ్ములూ ఆ గోడ వెనకే ఉన్నారు. మా పిల్ల వచ్చేదాకా ఆ గోడ మాకు కనపడలేదు. వాళ్లు ఆ మాట అనలేదు. జరిగి చోటిచ్చారు. ఒక సిటీ బస్ డ్రైవర్ బస్సు ఆపి దిగి, తన ఫ్లాస్కు మా చేతుల్లో పెట్టి వెళ్లిపోయింది.

“ఇది చట్టవిరుద్ధమైన గుంపు. వెళ్లిపోండి,” అని లౌడ్‌స్పీకర్ అరిచింది. మేము చేతులు కలిపి పట్టుకున్నాం. హెల్మెట్ల వాళ్లు మా ముందు గోడలా నిలబడ్డారు. మమ్మల్ని ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకోవడం లేదో అప్పుడు అర్థం కాలేదు.

కార్ల దగ్గర నుంచి శశికాంత్ పరుగెత్తుకొచ్చాడు. ఇంట్లో పడుకోలేక వచ్చాడు, మాస్కు పెట్టుకుని.

“అక్కా! వెనక గేటు! వ్యాన్ వెనక గేటు నుంచి పోతోంది!”

లేచి ఉరికాం. మూల తిరిగేసరికి వ్యాన్ హైవే ఎక్కేసింది. ఆమె ముఖం కూడా చూడలేదు. ఉమ రోడ్డు మధ్యలో కూలబడి “దీపూ, దీపూ” అని అరిచింది. అప్పుడు మొదలుపెట్టారు ఈడ్చుకెళ్లడం. నన్నూ, ఉమనూ, అనుష్కనూ, ఆ ఆడవాళ్లనూ.

సాయంత్రానికి మమ్మల్ని కోర్టు నోటీసులు ఇచ్చి వదిలేశారు. ఆదివారం మధ్యాహ్నం మళ్లీ కలుద్దామంటే క్లబ్‌హౌస్‌కు తాళం. రాజకీయ సమావేశాలకు అనుమతి లేదని మేనేజ్‌మెంట్ తలుపు మీద అంటించింది. పార్కింగ్ లాట్‌లో నిలబడ్డాం. మొదటి మీటింగ్‌కు రానివాళ్లు కూడా వచ్చారు. జగదీష్ తన కారుకు ఆనుకుని, ఎవరెవరు వచ్చారో చూస్తున్నాడు.

నా ఫోన్ మోగింది. లూసియానా. స్పీకర్ పెట్టాను.

“అంకుల్, ఆంటీ ఉన్నదా?”

“ఉన్నాను తల్లీ. తిన్నావా?” అంది ఉమ.

“నా పక్క బెడ్ల రోసా అని ఒకామె ఉండె ఆంటీ. షుగర్. ఎన్నిసార్లు అడిగినా ఇన్సులిన్ ఇయ్యలే. ఆమెకు ఇంగ్లిష్ రాదు, నేనే అడిగిన. మంచిగనే అడిగిన అంకుల్, ప్లీజ్ అన్న, చేతులు జోడించిన. పొద్దుగాల లేవలే.” ఏడ్చింది. “నన్నయితే ఇండియాకు తోలేస్తరు. నాకోసం రాకుండ్రి. ఇక్కడ ఆడోళ్లందరం తిండి ముట్టుకుంటలేం. మాకు డాక్టర్ కావాలె. గేటు బయట ఒక్క మనిషి లేడు అంకుల్, ఒక్క…”

లైన్ తెగిపోయింది.

ఆ రోసా ఎలా ఉండేదో మాకు తెలియదు. అయినా చాలామంది కళ్లు తుడుచుకుంటున్నారు.

శశికాంత్ తన వ్యాన్ దగ్గరికి వెళ్లి వెనక తలుపు తీశాడు.

“శశీ, మండే క్లయింట్ మీటింగ్ ఉంది,” అన్నాడు జగదీష్ నెమ్మదిగా.

“ఉంది సర్. మీరు అటెండవ్వండి.”

కొడుకు అద్వైత్ కూర్చునే కార్ సీటు పట్టీలు విప్పాడు. బకిల్ ఒక పట్టాన ఊడలేదు. ఊడదీసి, తెచ్చి తారు మీద పెట్టాడు. సీటు మడతల్లోంచి పిల్లాడు తిని వదిలిన చీరియోస్ ముక్కలు రాలాయి.

పక్క కారు తలుపు తెరుచుకుంది. ఇంకో చైల్డ్ సీటు బయటికి వచ్చింది. తర్వాత ఇంకొకటి.

“నా దాంట్లో ఇంకా చోటుంది,” అన్నాడు శశికాంత్ గొంతు పెంచి. “లూసియానాకు ఎవరొస్తున్నారు?”