వదిన తోలిన వాలుబండి

పందెం రోజుకి నేను మా అన్నయ్యతో మాటలు మానేసి పదహారు రోజులు. కారణం చెబితే మీరు నవ్వుతారు. అయినా చెబుతాను, ఎందుకంటే తప్పు నాది కాదు.

మా వదిన బస్సు కండక్టరు. ఇరవై రెండేళ్ళుగా బస్సులో నిలబడి విజిల్ ఊదుతోంది. "ఇన్నేళ్ళూ ఎవడో తిప్పుతుంటే నేను ఊగడమే సరిపోయింది. చచ్చేలోపు ఒక్కసారైనా ముందు కూర్చుని నేనే తిప్పాలి" అని ఒకటే పోరు. ఇంతలో మా పేటవాళ్ళు వాలుబండి పందెం పెట్టారు. ఇంజిను ఉండదు, తొక్కుడు ఉండదు. నీళ్ళ ట్యాంకు దగ్గర గట్టు మీంచి వదిలితే కిందదాకా దొర్లుకుంటూ రావడమే. బండి మాత్రం ఇంట్లో చేసిందే అయ్యుండాలి. నలభై దాటినవాళ్ళకి విడిగా ఒక పందెం ఉందని తెలియగానే మా వదిన అందరికంటే ముందే పేరిచ్చేసి వచ్చింది.

అన్నయ్య వడ్రంగి. నేను బళ్ళకి సీట్లు కుడతాను. మా నాన్న కట్టిన ఒకే షెడ్డులో ఆ సగం ఆయనది, ఈ సగం నాది, మధ్యలో గోడ లేదు. బండికి అడుగుపలక పాత బీరువా తలుపు. చక్రాలు రెండు చంటిపిల్లల తోపుడుబళ్ళవి. స్టీరింగు కోసం నా పాత కుట్టుమిషను కాలికింది ఇనప చక్రాన్ని ఊడదీసి ఇచ్చాను. ఆ చక్రపు ఇరుసుకి రెండు తాళ్ళు చుట్టి, పలక కింద గొట్టాల్లోంచి లాగి, చివర కొక్కేలతో ముందు చక్రాల కర్రకి అటొకటి ఇటొకటి తగిలించాడు అన్నయ్య. చక్రం ఎటు తిప్పితే బండి అటు తిరగాలి. ఆ కొక్కేలు గుర్తుపెట్టుకోండి, మా కొంప ముంచబోయింది అవే.

ఇక గొడవ. సీటు కొలత కోసం నేను ఆ పలక మీద కూర్చున్నాను. ఫట్‌మని చీలింది. అయ్యో దెబ్బ తగిలిందా అనాలా వద్దా? అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇది బండే తల్లీ, లారీ కాదు!" అన్నాడు. పక్క కొట్టు తాళాలవాడు కూడా నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. టేపు విసిరికొట్టి వచ్చేశాను. అంతే, మాటలు బంద్.

అప్పటినుంచి వదిన పని అడకత్తెరలో పోకచెక్కే. "వదినా, సీటు గుడ్డ తడవనివ్వొద్దని మీ ఆయనకి చెప్పు" అంటాను. ఆయన రెండడుగుల దూరంలోనే ఉంటాడు. "వాన పడితే బండంతా తడుస్తుంది, గుడ్డొక్కటే గొడుగేసుకోదని మీ ఆడపడుచుకి చెప్పు" అంటాడు. వదిన ఇద్దరివంకా చూసి, "విన్నాను. టికెట్టు ఎక్కడికి కొట్టమంటారు?" అనేది.

మా ఇంటి తీరు ఒకటి చెప్పాలి. మా నాన్న ఎవరినీ తిట్టేవాడు కాదు. మనం కొట్టిన మేకు వంకర పోతే, మనం అన్నం తినొచ్చేలోపు పీకి మళ్ళీ కొట్టేసేవాడు. పల్లెత్తు మాట అనేవాడు కాదు. తిట్టినా బాగుండేది కదా అనిపించేది నాకు. ఆ జబ్బు మా ఇద్దరికీ వచ్చింది. ఆయన చేసినదాన్ని నేను, నేను చేసినదాన్ని ఆయన, చప్పుడు లేకుండా దిద్దేస్తాం.

వదిన రోజూ తెల్లారే, డ్యూటీకి వెళ్ళేముందు, వెనక సందులో బండి తోలి నేర్చుకునేది. నేను కొట్టు తెరిచేసరికి బండి షెడ్డులో ఉండేది, కాబట్టి ఆమె తోలడం నేనెప్పుడూ చూడలేదు. పందెం ముందురోజు ఆమె సెలవు పెట్టి, పొద్దెక్కాక కూడా తోలింది. నేను కిటికీలోంచి చూశాను. వదిన చక్రం కుడికి తిప్పింది. బండి ఎడమకి పోయింది.

అన్నయ్య బండిని బోర్లా వేసి బిగించాడు కదా, కొక్కేలు తారుమారయ్యాయన్నమాట! పందెం దారి సగంలో మందుల షాపు దగ్గర ఎడమవైపు గట్టి మలుపుంది. దానికెదురుగా బడి రాతిగోడ. గోడకి ఆనించిన గడ్డి మూటలు మోకాలెత్తు కూడా లేవు. కంగారులో ఆ మనిషి చక్రం ఎడమకి తిప్పిందా, బండి నేరుగా వెళ్ళి గోడకే కొడుతుంది.

అప్పుడే వెళ్ళి అన్నయ్యకి చెప్పొచ్చు. చెప్పలేదు. ఇన్ని రోజులయ్యాక నేనే ముందు నోరు తెరవాలా? వదినతో చెబితే ఆమె ఆయనకి చేరవేస్తుంది, అది ఆమె వృత్తిధర్మం. మధ్యాహ్నం ఇద్దరూ భోజనానికి వెళ్ళగానే బండి ముందుభాగం కిందికి చెయ్యి దూర్చి కొక్కేలు అటుదిటు, ఇటుదటు మార్చేశాను. తిప్పి చూశాను. ఎడమకి ఎడమ, కుడికి కుడి. బంగారంలా తిరిగింది. ఆహా, తప్పు చేసింది ఆయన, దిద్దింది నేను! పందెం అయ్యాక నలుగురిలో చెబుదాం అనుకున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా, బుద్ధి లేనిదాన్ని.

మర్నాడు పొద్దున బండిని నేల మీద దొర్లించకుండా నలుగురం మోసుకెళ్ళి గట్టు మీద పెట్టాం. మొత్తం ఆరు బళ్ళు. వదిన యూనిఫాం చొక్కా వేసుకుంది, ఎర్ర హెల్మెట్టు పెట్టుకుంది, మెడలో విజిల్ వేలాడేసుకుంది. ముఖం వెలిగిపోతోంది. అన్నయ్య వెనక చక్రం కింద పెట్టిన చెక్క తీయడానికి సిద్ధంగా వంగున్నాడు. నేను వదిన పక్కన కూర్చుని హెల్మెట్టు పట్టీ సరిచేస్తున్నాను.

"అమ్మాయ్, నీకొక్కదానికే చెబుతా, మీ అన్నతో అనకు" అంది వదిన చెవిలో. "ఈ బండి తిరగేసి తిరుగుతుంది. ఎడమకి పోవాలంటే కుడికి తిప్పాలి. మొదటిరోజే తెలిసింది నాకు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఆయన తప్పని నువ్వంటావు, నీ చక్రం తప్పని ఆయనంటాడు. మళ్ళీ యుద్ధం. మీ మధ్య మోసింది చాల్లే అనుకుని అలాగే అలవాటు చేసుకున్నా. పదిహేను రోజులు చేతులు పడిపోయాయనుకో. ఇప్పుడు కళ్ళు మూసుకునైనా తిప్పేస్తా."

నేను నోరు తెరిచాను. అంతలో పందెంవాళ్ళ మనిషి జెండా ఊపాడు. "రైట్ రైట్!" అని అరిచి వదిన విజిల్ ఊదింది. అన్నయ్య చెక్క లాగేశాడు. బండి వెళ్ళిపోయింది.

"వదినా! ఆగు! ఎడమకే తిప్పు!" అని అరుస్తూ పరిగెత్తాను. ఆ గోలలో ఎవరికి వినపడుతుంది? ఆరు బళ్ళ చప్పుడు, జనం ఈలలు. పది అడుగులకే చెప్పు తెగింది. వెనక్కి తిరిగి, పదహారు రోజుల పంతం గంగలో కలిసినా సరేనని, గొంతు చించుకున్నాను.

"అన్నయ్యా! కొక్కేలు మార్చేశానన్నయ్యా! నిన్న మధ్యాహ్నం నేనే మార్చేశాను! ఆమెకి తెలీదు! ఆమె కుడికి తిప్పుతుంది, గోడకి కొడుతుంది!"

అన్నయ్య చేతిలో చెక్క కింద పడిపోయింది.

"నువ్వు మార్చావా?"

"నేనే! చంపేశానన్నయ్యా వదినని!"

"నువ్వెందుకు మార్చావే? నేనూ మార్చాను కదే!"

"ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం, నువ్వు కొట్టు కట్టేశాక. రోజూ అది తెల్లారే తోలితే నేను లేచేవాణ్ణే కాదు, నిన్న పొద్దెక్కాక చూశా. నా తప్పు నువ్వు పట్టుకునేలోపు దిద్దేద్దామని…"

"తిప్పి చూసుకోలేదా?"

"నేను బిగించినదాన్ని నేనే తిప్పి చూసుకుంటానా?" అన్నాడు. ఆ సమయంలోనూ పౌరుషం!

నేను రెండు వేళ్ళు ఎత్తాను. నేను మార్చింది ఒకటి. ఆయన మార్చింది ఒకటి. రెండుసార్లు మారిస్తే, అన్నయ్యా, మొదట ఎలా ఉందో అలాగే ఉండాలి కదా? ఆయనా వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు. ఇద్దరికీ లెక్క తెగడంలేదు, తెగినా నమ్మకం కుదరడంలేదు. కింద వదిన బండి మలుపు దగ్గరికి వచ్చేసింది. అన్నయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. ఎముకలు విరిగిపోతాయేమో అన్నంత గట్టిగా పట్టుకున్నాడు.

ఎర్ర హెల్మెట్టు ముందుకి వంగింది. వదిన రెండు చేతులతో చక్రాన్ని కుడికి తిప్పింది. బండి బుద్ధిగా ఎడమకి తిరిగి, గడ్డి మూటల్ని రాసుకుంటూ, మందుల షాపు పక్కనుంచి కిందికి జారిపోయింది.

అమ్మయ్య! రోడ్డు మీదే కూలబడ్డాను. అన్నయ్యా పక్కనే కూలబడ్డాడు. ఆయన ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు, నేను మాత్రం రెండూ చేశాను. "బతికిపోయాం" అన్నాడు. "వదిన బతికింది. మనకింకా ఉంది" అన్నాను.

కిందికి దిగేసరికి వదిన ఆరింట్లో నాలుగోదిగా వచ్చి, మొదట వచ్చినవాళ్ళకంటే ఎక్కువ సంబరపడుతోంది. జరిగిందంతా ఇద్దరం పోటీపడి ఒప్పుకున్నాం. ఆమె హెల్మెట్టు తీసి సీటు మీద పెట్టింది. "నీళ్ళ బిందె నుంచి నిష్ఠూరాల దాకా మీ మధ్య అన్నీ నేనే మోశాను. నా ప్రాణం మీదకొచ్చిన ఆ ఒక్క మాటా నాతో చెప్పడానికి ఇద్దరికీ నోరు రాలేదు" అంది. గట్టిగా కూడా అనలేదు.

కాసేపటికి తనే నవ్వి, "సరే, బండెవరు మోస్తారు ఇంటికి? నువ్వెక్కమ్మాయ్, మేం తోస్తాం" అంది.

"నేనా? వద్దు తల్లీ, అది లారీ కాదట."

"కూర్చోవే" అన్నాడు అన్నయ్య, ఎటో చూస్తూ.

భయంభయంగా కూర్చున్నాను. కిర్రుమనలేదు. సీటు కింద చెయ్యి పెట్టి చూశాను. చీలిన పలక కింద ఇంకో పలక, మందపాటి టేకుది, అంచులు నున్నగా చిత్రిక పట్టి, ఆరు స్క్రూలతో బిగించి ఉంది. వదిన బరువుకి అంత మందం అక్కర్లేదు.

"ఇదెప్పుడు వేశావన్నయ్యా?"

"నువ్వు టేపు విసిరేసిన సాయంత్రమే."

"మరి చెప్పొచ్చుగా!"

"ఎవరితో చెప్పను? మాటలు మానేశావుగా" అన్నాడు.

నాకు ఏడుపాగలేదు. ఎదురుగా దారి కనపడ్డంలేదు, చక్రం పట్టుకుని అలాగే ఏడుస్తూ కూర్చున్నాను. వాళ్ళిద్దరూ వెనకనుంచి తోయడం మొదలుపెట్టారు. మా సందు దగ్గరికి వచ్చాక వదిన ముందుకి వంగి, "ఇక్కడ ఎడమకి పోవాలి, కుడికి తిప్పు" అని చెప్పింది. అదే క్షణంలో అదే మాట అన్నయ్య కూడా నేరుగా నాతోనే చెప్పాడు.