గగూ మామయ్య ఆలివ్ పుల్ల

మా పేటలో శుక్రవారం రొట్టెలన్నీ మబ్రూక్ బట్టీలోనే కాలతాయి. వాళ్ళ నాన్న కాలం నుంచీ అంతే. పిండి మా ఇళ్ళలోనే కలిపి, ముద్దలు చేసి, పలకల మీద పెట్టి గుడ్డ కప్పి పంపిస్తాం. నిప్పు మాత్రం మబ్రూక్‌ది. అతను ముస్లిం, మేం యూదులం. అందుకని రొట్టెలు లోపలికి పెట్టే ముందు మాలో ఒకరు వెళ్ళి ఆ మంటలో ఓ పుల్ల వెయ్యాలి. చిటికెన వేలంత పుల్ల చాలు. ఆ నిప్పులో మా చెయ్యి కూడా పడినట్టు లెక్క. పుల్ల పడకుండా కాలిన రొట్టె, శుక్రవారం పొద్దు వాలాక మొదలయ్యే మా సబ్బాతు బల్ల మీదకి రాదు.

ఆ పుల్ల వేసేది మా మామగారు గగూ. ఒకప్పుడు జెర్బా దీవి మొత్తంలో ఆయన చేసినంత సన్నటి వెండి తీగ పని ఎవరూ చేసేవారు కాదు. చేతులు వణకడం మొదలయ్యాక నా వెండి కొట్లోకి వచ్చి కూర్చునేవారు, కానీ పట్టకారు ముట్టుకునేవారు కాదు. ఆయనకంటూ మిగిలింది శుక్రవారం పుల్ల ఒక్కటే. పొద్దున్నే పెరట్లో ఎండిన ఆలివ్ కొమ్మ విరిచి కోటు జేబులో పెట్టుకుని, పెళ్ళికి వెళ్తున్నట్టు బయలుదేరేవారు.

ఈ మధ్య ఆయనకి మతిమరుపు వచ్చింది. చెప్పిందే చెప్పడం, తిన్నాక మళ్ళీ అన్నం అడగడం. మా ఆవిడ జీజాకి భయం.

"నాన్నా, ఆ పని ఇంకెవరికైనా అప్పజెప్పు. మంట దగ్గర పడితే?"

"మంట దగ్గర పడేది నువ్వే! నేను పుట్టింది కొలిమి పక్కన."

పేట పెద్దలు కూడా నాతో మెల్లగా అన్నారు. "ఖ్లీఫా, ఇన్ని ఇళ్ళ రొట్టె సంగతి ఇది. ఒక్కసారి పొరపాటు జరిగినా ఇక వేరేవాళ్ళని పెట్టేస్తాం, ఏమనుకోకు." సరేనన్నాను. ఆ పని కూడా పోతే ఆయన పొద్దున్నే లేచేదెందుకో నాకు తోచలేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నేను కొట్టు మూస్తుంటే మబ్రూక్ వచ్చాడు. మోచేతుల దాకా పిండి. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"అన్నా, బాబాయ్ ఇవాళ పుల్ల వెయ్యలేదు."

"వచ్చారుగా! నా ముందే బయలుదేరారు."

"వచ్చాడు. కూర్చున్నాడు. మా నాన్న గాడిద గురించి ఎప్పుడూ చెప్పే కథే చెప్పాడు. నవ్వి నవ్వి లేచి వెళ్ళిపోయాడు. వేశాడనే అనుకున్నాను. రొట్టెలు బయటికి తీశాక నా భుజం చూసుకున్నా."

"భుజమా?"

"పుల్ల వేశాక మసి చెయ్యి నా భుజం మీదే తుడుస్తాడు కదా, నన్ను ఏడిపించడానికి. ప్రతి వారం మా ఆవిడ చేత తిట్లు తినేది నేను. ఇవాళ మసి లేదు."

నేను తాళం వేసి అతని వైపు తిరిగాను. "నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు, మబ్రూక్."

"నాకు తెలుసు కదన్నా. మీరు నా చేతి రొట్టె తింటున్నారంటే పుల్ల పడిందన్న నమ్మకం మీదే కదా."

దానికో దారి ఉంది. రొట్టెల్ని మళ్ళీ బట్టీలో పెట్టి, మాలో ఒకరు పుల్ల వేస్తే, ఆ వేడికి ఇంకాస్త కాలితే చాలు. మామయ్యని పిలవడానికి వీల్లేదు. ఆయన అప్పటికే స్నానానికి వెళ్ళారు, పైగా ఆయన్ని మళ్ళీ తీసుకొస్తే పేటంతా ఎందుకని అడుగుతుంది. నేనే వెళ్ళి వేశాను. మబ్రూక్ రొట్టెలన్నీ తిరిగి లోపలికి నెట్టాడు. బయట జనం పలకలతో గోల.

"ఏమయ్యా, పొద్దు వాలుతోంది, ఇంకా కాల్లేదా?"

"కట్టెలు తడిశాయమ్మా, ఒక్క నిమిషం!" అని లోపలి నుంచే అరిచాడు.

బయటికొచ్చిన రొట్టెలు కుండ పెంకుల్లా ఉన్నాయి. మా ఎదురింటి మేహా తన రొట్టెని గోడకేసి కొట్టి చూసింది. "మబ్రూకూ, ఇది తినడానికా, మా గోడ పడిపోతే కట్టుకోవడానికా? మీ నాన్న బతికుంటే నిన్నే బట్టీలో పెట్టేవాడు!"

అందరూ నవ్వారు. మబ్రూక్ కూడా నవ్వాడు. "వచ్చే వారం దూదిలా ఇస్తా పిన్నీ."

ఆ రాత్రి బల్ల దగ్గర దీవెన చదివి రొట్టె విరవబోతే మామయ్య చేతికి అది విరగలేదు. నేను అందుకుని విరిచాను. ఆయనకి కోపం ముంచుకొచ్చింది.

"ఆ మబ్రూక్‌గాడికి పని మీద ధ్యాస లేదు. నేను పుల్ల వేసేటప్పుడే చూశా, మంట సరిగ్గా లేదు. రేపు ప్రార్థన మందిరం దగ్గర అందరితో చెప్తా."

"వేశావా నాన్నా, గుర్తుందా?" అంది జీజా.

"గుర్తులేకపోవడం ఏంటి? నా చేత్తో వేశా!"

జీజా నా వైపు చూసింది. నేను రొట్టె పులుసులో నానబెట్టుకున్నాను.

అన్నట్టే మర్నాడు మామయ్య మందిరం వాకిట్లో మబ్రూక్‌ని చెడామడా తిట్టారు. పెద్దలు తలూపారు, రొట్టెలు వేరే బట్టీకి పంపే సంగతి కూడా ఒకరు ఎత్తారు.

శనివారం చుక్కలు పొడిచి సబ్బాతు ముగిశాక మామయ్య మంచి కోటు విప్పి రోజువారీ కోటు తొడుక్కున్నారు. చలికి చేతులు జేబుల్లో పెట్టుకున్నారు. చెయ్యి బయటికి తీస్తే అందులో ఆలివ్ పుల్ల.

చాలాసేపు దాన్నే తిప్పి తిప్పి చూశారు. "ఖ్లీఫా, నువ్వే వేశావా?" అన్నారు.

"అవును మామయ్యా."

"వాడికి తెలుసా?"

"వాడే వచ్చి చెప్పాడు."

ఆయన పుల్లని మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. ఆ వారమంతా గాడిద కథ కూడా చెప్పలేదు.

శుక్రవారం నన్ను కూడా రమ్మన్నారు. బట్టీ ముందు పలకలతో జనం ఉన్నారు, మేహా ఉంది, పెద్దల్లో ఇద్దరున్నారు. మామయ్య వాళ్ళ మధ్యలో నిలబడ్డారు.

"పోయిన వారం రొట్టె చెడింది నా వల్ల. పుల్ల జేబులోనే ఉండిపోయింది. మబ్రూక్ వచ్చి చెప్పబట్టి మనం తినకూడని రొట్టె తినకుండా బయటపడ్డాం. వీణ్ణి తిట్టినవాళ్ళలో మొదటివాణ్ణి నేనే." అని పుల్ల నా చేతికి ఇవ్వబోయారు. "ఇక నువ్వు వెయ్యి."

పెద్దలు నన్ను చూశారు. నేను పుల్ల అందుకోలేదు. మబ్రూక్ గొంతు సవరించుకున్నాడు.

"బాబాయ్, నువ్వు మర్చిపోతే నేను అడుగుతా. పుల్ల పడేదాకా ఒక్క పలక కూడా ఎత్తను. ఇద్దరం కలిస్తే ఒక బుర్ర అవుతాం, చాలదా?"

"మీ ఇద్దరిదీ కలిపి సగమే!" అంది మేహా. పెద్దల్లో ఒకాయన నవ్వు ఆపుకోలేక, "కానివ్వండయ్యా, పిండి పొంగిపోతోంది," అన్నాడు.

మామయ్య మంట దగ్గరికి వంగారు. వెనక నుంచి నేను కోటు పట్టుకున్నాను. పుల్ల నిప్పుల్లో పడి చిటపటమంది. ఆయన నిటారుగా లేచి, మబ్రూక్ తొడుక్కున్న ఉతికిన తెల్ల చొక్కా వైపు చూశారు.

"వేశానా?"

"ఇంకా లేదు బాబాయ్," అని మబ్రూక్ భుజం ముందుకు పెట్టాడు.