మస్కట్ పిల్ల తాళం

దుర్గాసాయి సంగీతం డిప్లొమాలో ఫస్టు క్లాసు. అయినా తణుకులో ఆమె దగ్గరికి ఎవరూ ఒక్క పిల్లనీ పంపలేదు. కారణం ఎవరూ పైకి అనరు, అందరికీ తెలుసు. ఆమె తండ్రి వీరబ్రహ్మం పెళ్లిళ్లలో సన్నాయి వాయించేవాడు. సన్నాయి మోగనిదే మనకి తాళి పడదు. సన్నాయి వాయించినవాడి కూతురు మాత్రం పాఠం చెప్పకూడదు. ఇదీ మన సంస్కారం!

చివరికి 2006లో ఒక శిష్యురాలు దొరికింది, మస్కట్‌లో. పేరు ఉమాశ్రీ, పదకొండేళ్లు. నెట్ సెంటర్లో కూర్చుని, కంప్యూటర్ తెరమీద ఆ పిల్ల మొహం చూస్తూ పాఠం. సంగతి తణుకులోనే ఉన్న పిల్ల తాత భాస్కరానికి తెలిసింది. ఆయన సంగీత సభ కార్యదర్శి. నేరుగా నెట్ సెంటరుకే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"వైరులోంచి సంగీతం వస్తుందా అమ్మాయ్? అందులోనూ మీ ఇంటి సంగీతం! ఇవాళ విని, బాగోకపోతే ఇంతటితో మానిపించేస్తాను."

"విన్నాక అనండి," అని హెడ్‌ఫోన్ పీకేసి స్పీకర్లు పెట్టించింది.

ఇన్నాళ్లూ ముక్క ముక్కగా చెప్పింది. వర్ణం ఏకబిగిన పాడించడం ఇదే మొదలు. గురువు తొడమీద తాళం వెయ్యాలి, ఆ చేతిని చూస్తూ శిష్యులు పాడాలి, తరతరాల పద్ధతి. కానీ ఆమె తాళం దెబ్బ నెట్‌లో మస్కట్ చేరి, పాట తిరిగి తణుకు వచ్చేసరికి ఆలస్యం. పిల్ల వెనకబడిందనుకుని ఆమె చెయ్యి నెమ్మది చేసింది. ఆ చేతిని చూసి పిల్ల ఇంకా నెమ్మది చేసింది. పల్లవి కాస్తా లోడెక్కువైన చెరకుబండిలా ఈడ్చుకుంటూ ఆగిపోయింది.

భాస్కరం నవ్వాడు. "పెళ్లి బాజాలో చెల్లుతుందిలే ఇది. ఇంక కట్టెయ్యి."

దుర్గాసాయికి ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఊరేగింపులు గుర్తొచ్చాయి. జనంలో డోలు వెనకబడితే దెబ్బ ఆలస్యంగా వినిపించేది. నాన్న దానికోసం ఆగేవాడు కాదు. లెక్క తన కాలి బొటనవేల్లో పెట్టుకుని సాగిపోయేవాడు.

"ఉమా! నా చెయ్యి చూడకు. కళ్లు మూసుకో. తాళం నువ్వే వేసుకుని పాడు."

"మేడమ్, మీరు కదా వెయ్యాలి? తప్పేమో..."

"తప్పయితే నాది. పాడు!"

ఆమె చేతులు కట్టుకుంది.

పిల్ల పాడింది. దెబ్బ దెబ్బకీ స్వరం అతికినట్టు పడింది. ఎక్కడా జారలేదు. పక్క కేబిన్లలో చాటింగు చేసుకుంటున్న కుర్రాళ్లు తలలు బయటపెట్టారు. భాస్కరం చెయ్యి ఆయన్ని అడక్కుండానే తొడమీద తాళం వేస్తోంది.

పిల్ల ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. "పర్లేదు. అయినా మన సభలో ఎవరైనా పెద్దాయన దగ్గర నేర్చుకుంటే..."

"తాతయ్యా!" స్పీకర్లోంచి అరుపు. "చరణం ఇంకా ఉంది. మీ మాటల్లో మా మేడమ్ మాట వినపడదు. కాస్త బయట కూర్చోండి."

కుర్రాళ్లు గొల్లుమన్నారు. భాస్కరం లేచి గుమ్మం దాకా వెళ్లి తిరిగి చూశాడు.

"మళ్లీ పాఠం ఎప్పుడండీ?"

"ముందు ఇది అవ్వనివ్వండి," అని దుర్గాసాయి తెరవైపు తిరిగింది. "ఉమా, చరణం ఎత్తుకో!"