ఎగువ సాళ్లు

పార భుజాన వేసుకుని కృష్ణప్ప పొద్దున్నుంచి మూడోసారి టమోటా తోటలో ఎగువకు నడిచాడు. పుంగనూరు దాటాక ఈ మెరక చేలకు ఏరూ లేదు, కాలువా లేదు. బోరు నీళ్లకు మడవ తెంచి ఒక సాలు తడపడం, మట్టితో కట్టేసి మరో సాలుకు మళ్లించడం, నలభై ఏళ్లుగా అతని పని అదే. ఇప్పుడు చేనంతా నల్లటి డ్రిప్పు పైపులు పరిచారు. మడవలు పోయాయి. అతనికి మిగిలింది వాల్వు తిప్పడం.

ఎగువ మూడు సాళ్లూ వాడిపోతున్నాయి. వారం కిందటే చేను ఆసామి జయచంద్రకు చెప్పాడు.

"నీళ్లు మెరక ఎక్కడం ల్యాదప్పా. ఒకసారి వచ్చి సూడు."

"పైపులేసినోడు ఇంజనీరు కృష్ణప్పా. నువ్వు గమ్మునుండు."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. కృష్ణప్పకు ఒళ్లు మండింది. నిన్న తుమ్మముల్లు తీసుకుని, మూడింట్లో కింది సాలు పైపుకు వరసగా పొడిచాడు. నేల మీద నీళ్లు నిలవడం కళ్లారా చూశాక ప్రాణం కుదుటపడింది. కాలువకు గండి పడితే నీళ్లు పక్క సాలుకైనా పోతాయి. పైపుకు కన్నం పడితే పైకి పోయేవి కూడా పోవని అతనికి తట్టలేదు. తెల్లారేసరికి పై రెండు సాళ్లూ తలలు వేలాడేశాయి.

కన్నాలు కనిపెట్టింది రబి. ఊళ్లోవాళ్లు బెంగళూరు పనులకు పోతే, టమోటాకు కట్టెలు నాటి దారాలు కట్టడానికి ఒడిశా నుంచి పెళ్లాంతో సహా వచ్చినవాడు. కన్నాలు పడ్డచోట్ల పైపు కోసి జాయింట్లు వేస్తుండగా జయచంద్ర వచ్చాడు.

"ఎవురు సేసిన పనిది?"

"నేనే పొడిసినానప్పా," అన్నాడు కృష్ణప్ప.

జయచంద్ర వంగి, కోసేసిన పైపు ముక్కను చేతిలోకి తీసుకుని కన్నాలు చూశాడు. "రేపట్నించి రాబాకులే. రబి సూసుకుంటాడు," అని బండెక్కి వెళ్లిపోయాడు.

వాడిన మొక్కను వదిలిపోవడం కృష్ణప్పకు చేతకాలేదు. వాల్వు మూస్తే మడవ కట్టినట్టేనని అతనికి ఇప్పుడు తట్టింది. రబి దగ్గర కూచుని చేతులతో చూపిస్తూ చెప్పాడు. "కింద వాల్వు మూసెయ్. పైది ఒక గంట ఇడువు. తర్వాత కిందికి. అందరికీ ఒగేసారి అందవు, వంతులుండాల."

"సరే తాతా," అన్నాడు రబి.

పార మోసుకుపోతే పని పోయిందా అని దారిలో పదిమందీ అడుగుతారు. ఇంట్లో పెళ్లాం చౌడమ్మ అడుగుతుంది. పారను ఎగువ గట్టున గుచ్చి, ఉత్త చేతులతో రోడ్డెక్కాడు.

సాయంత్రానికి ఎగువ సాళ్లు తలెత్తాయి. జయచంద్ర మురిసిపోయి రబి భుజం తట్టాడు. "భలే పట్టినావు! ఎవురు నేర్పించినారు?"

రబి చెప్పబోయి ఆగాడు. తాత పేరు అతనికి తెలియదు. చెయ్యెత్తి గట్టువైపు చూపించాడు. అక్కడ పార నిలబడి ఉంది, దాని కామ రెండు చేతులు పట్టే చోట్ల మాత్రం నున్నగా అరిగి ఉంది.