మిర్చి కల్లంలో జపాన్ మాట

సొంత తండాకు పోవాలంటే గుండె దడదడలాడే బతుకు పగవాడికి కూడా వద్దు. మహబూబాబాద్ నుంచి కొత్తగూడ వైపు పోతున్న కారులో కూర్చున్న కల్యాణికి ఆ పొద్దున సరిగ్గా అదే బతుకు వచ్చిపడింది. కారు నడుపుతున్నది సోమేశ్వర్ సేటు, మహబూబాబాద్‌లో మిర్చి టోకు వ్యాపారి. వెనక సీట్లో ఇషిదా. జపాన్‌లో మసాలాలు చేసే ఓ కంపెనీ తరఫున మిర్చి చూడటానికి వచ్చిన మనిషి, వరసగా రెండో ఏడు. చొక్కా మడత నలగనివ్వడు, ఎదుటివాడి మనసు నొప్పించడు. ఆయన మాటను తండాకు, తండా మాటను ఆయనకు చెప్పడం కల్యాణి పని. ఆ పని పోయినేడు ఆమె ఎంత దరిద్రంగా చేసిందో తండాలో ఏ కుక్కను అడిగినా చెబుతుంది.

పోయినేడు ఇదే ఇషిదా ఎర్రటి మిర్చి కుప్పల ముందు నిలబడి, కాయ విరిచి వాసన చూసి, చేతులు రెండూ ముందు కట్టుకుని, "మొచికాయెత్తె కెంతో" అంటూ పొడుగ్గా ఏదో అన్నాడు. కల్యాణి అప్పుడే భూపాలపల్లిలో జపనీస్ నేర్చుకుని, పరీక్ష పాసై, తనంతటిది లేదనుకుంటున్న రోజులవి. ఏ మాటకు ఆ మాట విడదీసింది. మొదటిది తీసుకుపోవడం, రెండోది పరిశీలన. "తీస్కపోయి పరిశీలన చేస్తరట" అని గట్టిగా చెప్పింది.

తీస్కపోతరట! తండా అంతా పండగ చేసుకుంది. బేరానికి వచ్చిన వాళ్లనందరినీ మళ్లీ రావద్దని పంపేశారు. జపాన్ లారీ కోసం ఎదురుచూశారు. లారీ రాలేదు, రాళ్లవాన వచ్చింది. ఎర్రటి కాయంతా తెల్లబారి తాలు మిర్చి అయింది. ఆ తాలును అడ్డికి పావుశేరు లెక్కన కొనుక్కుపోయింది ఎవరనుకున్నారు? ఈ సోమేశ్వర్ సేటే.

ఆ తర్వాత కల్యాణి ఏడుపు మొహంతో భూపాలపల్లి పోయింది. గని కార్మికుల క్వార్టర్లలో ఉండే శైలజ టీచరు చాలా ఏళ్లు జపాన్‌లో ఉండి వచ్చిన మనిషి. ఓదార్చలేదు సరికదా, ఇంకో నాలుగు వడ్డించింది.

"ఒక్కో మాటకు నాలుగు అర్థాలుంటయని నెత్తి నోరు కొట్టుకోని చెప్పిన. నువ్వు పుస్తకంల మొదటి అర్థం చూసి పుస్తకం మూసినవ్. ఆయన తీస్కపోతనన్నది మిర్చి కాదు, మీ ముచ్చట. మా ఆఫీసుల మాట్లాడుకుంటమని మర్యాదగ తప్పుకున్నడు. కొనను అని వాళ్ల నోట్లె నుంచి వెళ్లదు."

"మరి రొట్టెలు తినేటప్పుడు కెక్కో అన్నడు టీచర్. పుస్తకంల బాగుంది అనే ఉన్నది."

"చాలు, ఇగ వద్దు అని గూడ ఉంటది. వద్దన్న మనిషికి వడ్డించినవా?"

వడ్డించింది. ఇంకో రెండుసార్లు, మిర్చి తొక్కుతో సహా. పాపం ఇషిదా కళ్లల్లో నీళ్లు కారుతుంటే తండావాళ్లు ప్రేమనుకున్నారు.

ఆ రోజు నుంచి కల్యాణి మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. మాట అర్థం రాసుకోవడం మానేసి, ఆ మాటను ఎవరు ఎవరితో ఏ ముఖం పెట్టుకుని అంటారో రాసుకుంది. చదువు బాగుపడింది గానీ తండా బాగుపడలేదు. బాబాయి జైపాల్ ఆమె ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఈ పొద్దున హోటల్ దగ్గర ఇషిదా, ముందే పంపిన మిర్చి నమూనా పరీక్ష ఫలితం సంగతి చెప్పాడు. మిర్చిలో పురుగు మందు జాడ తమ దేశం ఒప్పుకునేదానికంటే ఎక్కువ వచ్చిందని, "చొత్తో ముజుకషీ" అని నసిగాడు. కొంచెం కష్టం. ఈసారి కల్యాణికి అనుమానమే లేదు. కారెక్కగానే సేటుకు చెప్పేసింది.

"ఆయన కొనడు సేటు."

"కొనను అన్నడా?"

"కొంచెం కష్టమన్నడు. అంటే కొనడు."

"కష్టమంటే కష్టమే. కొనను అని నోరు తెరిచి అన్నడా, లేదా?"

"వాళ్లు అట్ల అనరు సేటు."

సేటు ఆమె వైపు చూశాడు. ఆ చూపులో నవ్వు లేదు. "నీ అర్థాలు, నీ తాత్పర్యాలు నాకొద్దు. ఆయన నోట్లె నుంచి ఏ మాటొస్తే గా మాటే చెప్పు. మాటకు మాట. మీ తండా భాషల గుసగుసలు పెట్టినవనుకో, మహబూబాబాద్‌ల నీకు ఇంకో పని దొరకకుంట చేస్త."

ఎందుకంత మాటకు మాట? కల్యాణికి ఇప్పుడు తెలుసు. ఖమ్మం వ్యాపారి లారీ కొత్తగూడలో నిలబడి ఉందని పొద్దున సేటే ఎవరితోనో అంటుంటే వింది. తండా ఒప్పుకుంటే ఈ రోజే మిర్చి ఎత్తుకుపోతుంది, లేకపోతే సాయంత్రానికి ఇంకో ఊరు చూసుకుంటుంది. జపాన్ ఆశ చూపించి ఈ ఒక్క రోజు తండాను ఆపగలిగితే చాలు, ఆపైన వానో ఎండో సేటు పని చేసిపెడుతుంది. జపాన్ మాటను ఉన్నదున్నట్టు చెప్పించడమే ఆయన వలేసే పద్ధతి. ఒళ్లు మండిపోయింది ఆమెకు.

ఇంతలో సేటు ఫోన్ మోగింది. భార్య కళావతి, కొడుకు పెళ్లి సంబంధం సంగతి. డ్రైవింగ్‌లో ఉన్నాడు గనుక స్పీకర్ పెట్టాడు, గొంతు కారంతా వినిపించింది.

"జనగామోళ్లు ఫోన్ చేసిన్రు. వినయ్ మంచిగున్నడట, మర్యాదలు మంచిగ చేసినమట. ఇంటికాడ పెద్దోళ్లతోని ఆలోచన చేస్కోని కబురు పెడ్తరట."

"కబురు పెడ్తరట!" సేటు స్టీరింగ్ మీద గుద్దాడు. "కబురు పెడ్తమంటే ఇగ రారనే గద! మన పిలగానికేం తక్కువైందట? పెట్టెయ్ ఫోను!"

వెనక ఇషిదా ఉలిక్కిపడ్డాడు. కల్యాణి కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది.

తండాలో కారు దిగగానే గోరీ పక్కకు తిరిగి ఉమ్మింది. గోరీ వరసకు కల్యాణికి నాయనమ్మ. పోయినేడు అందరికంటే ఎక్కువ మిర్చి పోగొట్టుకున్న ముసలిది.

"మళ్లొచ్చినవానే, నోటి దానా? ఈసారి ఏం ముంచుతవ్?"

"దాదీ, జర నా మాట విను..."

"విన్నం గద పోయినేడు! కడుపు నిండింది."

కల్లంలో మిర్చి ఎర్రగా మెరుస్తోంది. తొడిమలు తీస్తున్న ఆడవాళ్లు చేతులు ఆపి చూశారు గానీ ఒక్కరూ పలకరించలేదు. జైపాల్ ముందుకొచ్చాడు. ఇషిదాకు దండం పెట్టాడు, సేటుకు పెట్టాడు, అన్న కూతుర్ని మాత్రం అక్కడ లేనట్టే దాటేశాడు.

"కాకా, ఖమ్మం లారీని పోనియ్యకు," గొంతు తగ్గించి అంది కల్యాణి.

"వాళ్లు నీకెంత ఇస్తమన్నరు?"

చెంపదెబ్బ కూడా అంత మండదు.

"నీ తెలివి నీ దగ్గరే పెట్టుకో. మాకు నీ మాట వద్దు, ఆయన మాట కావాలె. ఆయన ఏమంటే గదొక్కటే చెప్పు. ఒక్క ముక్క కలిపినా, ఒక్క ముక్క తీసినా మంచిగుండదు."

వెనక నుంచి సేటు హాయిగా తల ఊపాడు. ఇటు వీళ్లదీ అదే మాట, అటు వాడిదీ అదే మాట. మిర్చి నమ్ముకున్నవాళ్లూ మిర్చి మింగాలని చూస్తున్నవాడూ ఒకటై ఆమె నోటికి తాళం వేశారు. కొనడు అంటే నమ్మేవాళ్లు లేరు. పరిశీలిస్తాడు అంటే నమ్మని వాళ్లు లేరు. ఆ క్షణాన కల్యాణికి తండా మీద కూడా అసహ్యం పుట్టింది, దాచుకోవడం ఎందుకు.

ఇషిదా కాయలు చూశాడు. రంగు మెచ్చుకున్నాడు, ఆరబెట్టిన తీరు మెచ్చుకున్నాడు, రొట్టెలు పెట్టిన చేతుల్ని గుర్తుచేసుకున్నాడు. ఆ తర్వాత గాలి పీల్చుకుని, తల ఓ పక్కకు వంచి, చేతులు ముందు కట్టుకున్నాడు. చివరికి వచ్చింది ఆ మాటే. మొచికాయెత్తె కెంతో.

జనం కల్యాణి నోటి వైపు చూశారు. సేటు జేబులో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

కల్యాణి గొంతు సవరించుకుంది. అందరికీ వినపడేటట్టు, తెలుగులోనే, నిదానంగా చెప్పింది.

"మీ మిర్చి రంగు మంచిగున్నదట. మర్యాదలు మంచిగ చేసిన్రట. ఇంటికి పోయి, పెద్దోళ్లతోని ఆలోచన చేస్కోని, కబురు పెడ్తరట."

ఆ మాట వినని ఇల్లు తండాలో లేదు. చాయ్ తాగి, పిల్లను చూసి, చెప్పులు వేసుకుంటూ ఆ మాట అన్నవాళ్లెవరూ మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ముందు తేరుకున్నది గోరీ. కారం పట్టిన చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ, "పిల్ల నచ్చలేదన్నట్టు," అంది.

జైపాల్ ఇషిదా ముఖంలోకి చూశాడు. ఆ మెత్తటి నవ్వును, కిందికి వాలిన కళ్లను మొదటిసారి సరిగ్గా చూశాడు. ఫోన్ తీసి ఖమ్మం లారీవాడికి కలిపాడు.

"ఏయ్, ఆగున్రి!" సేటు గొంతు చించుకున్నాడు. "గట్లెక్కడన్నడు? ఇది సొంత కవిత్వం చెప్తుంది!"

"మాటకు మాట సేటు. తీస్కపోయి అన్నడు, ఆలోచన అన్నడు. తప్పైతే మీరే అడుగున్రి ఆయనను."

"కబురు పెడ్తరంటే పెడ్తరు! తొందరేంది మీకు?"

"జనగామోళ్లు పెడ్తరా సేటు?"

అనకూడని మాటే. అందులో వినయ్ తప్పేమీ లేదు. కానీ అన్నందుకు కల్యాణికి హాయిగా ఉంది, ఆ హాయిని ఆమె వదులుకోదలచుకోలేదు. సేటు ముఖం నల్లబడింది. వచ్చిన బూతును ఇషిదా ముందు మింగి, కారు వైపు నడిచాడు.

వాళ్లకు అర్థమైందా అని ఇషిదా జపనీస్‌లో మెల్లగా అడిగాడు. బాగా అర్థమైందని చెప్పింది కల్యాణి. ఆయన భుజాలు ఒక్కసారి దిగాయి. రెండేళ్లుగా మోస్తున్న బరువేదో దించుకున్నట్టు, ఆమెకు నడుం దాకా వంగి దండం పెట్టి పోయాడు.

కారు ఆమెను ఎక్కించుకోకుండానే కదిలింది. కిటికీలోంచి సేటు అరిచాడు. "నడుచుకుంట రా! మళ్ల నా దుకాణం మెట్టెక్కితే కాళ్లిరుగుతయి!"

లారీ వస్తోందని తెలిసి కల్లంలో హడావిడి మొదలైంది. బస్తాలు దులుపుతున్నారు, మిర్చి తొక్కి నింపుతున్నారు, తుమ్ముతున్నారు. ఎవరైనా ఒక మాట అంటారేమోనని కల్యాణి నిలబడే ఉంది. గోరీ దగ్గరకొచ్చింది.

"పోయినేడు గూడ ఆయన గిదే మాటన్నడా?"

అబద్ధం చెబితే బాగుండు. "గిదే అన్నడు దాదీ."

"గిదే?"

"ఆఁ."

"మరి గీ మాట పోయినేడు ఎందుకు చెప్పలేదు?"

"అప్పుడు తెల్వదు దాదీ. నేర్చుకుంటున్న."

గోరీ ఆమెను కింది నుంచి పైకి చూసింది. "మా కల్లం మీదనానే, నేర్చుకునుడు?"

సమాధానం కోసం ఆగలేదు ముసలిది. తన కుప్ప దగ్గరకు పోయి కూర్చుని మళ్లీ మిర్చి నింపసాగింది. ఎంతసేపు చూసినా కల్యాణిని ఎవరూ రమ్మని పిలవలేదు. చివరికి ఆమే ఒక ఖాళీ బస్తా తీసుకుని, అందరికీ దూరంగా ఉన్న కుప్ప దగ్గర కూర్చుంది.