ఇరవైకి ఇరవై

పదహారేళ్లు పిల్లలకు జిమ్నాస్టిక్స్ నేర్పిన నన్ను మోకాలి ఆపరేషన్ ఇంట్లో కూర్చోబెట్టింది. మా అక్క యార్డులో క్రేన్ కింద నిలబడి, బరువులకు కొక్కేలు తగిలించి, పైనున్న డ్రైవరుకు చేత్తో సైగలు చేస్తుంది. క్రేన్ నడిపే శిక్షణలో ఒక సీటు ఖాళీ ఉందని, దానికి పెట్టే బొమ్మల పరీక్షకు నన్ను లాక్కెళ్లింది.

"గాల్లో పల్టీలు కొట్టినదానివి, కాగితం మీద బొమ్మ తిప్పలేవుటే?" అంది. ఆ మాటకు ఉబ్బిపోయాను. ఆ పొగరే నా కొంప ముంచింది.

దిమ్మెలు అతికించినట్టున్న బొమ్మలిచ్చారు. ఒక్కోదాన్ని తిప్పితే కింది రెండింటిలో ఏదవుతుందో గుర్తు పెట్టాలి. కళ్లు మూసుకుని నేనే ఆ దిమ్మెనై పల్టీ కొట్టాను. పక్కవాళ్లు మెడలు వంకర్లు తిప్పుకుంటుంటే నేను రాసేసి కూర్చున్నాను.

పరీక్ష పెట్టిన ముసలి మేస్త్రి నా కాగితం మూడుసార్లు చూశాడు.

"ఇరవైకి ఇరవై తప్పమ్మా."

"అన్నీనా?"

"గుడ్డిగా రాసినా సగం ఒప్పవుతాయి. రెండింటిలో ఒకటి తిప్పిన బొమ్మ, ఇంకోటి అద్దంలో బొమ్మ. మీరు అన్నిట్లోనూ అద్దంలోదానికే గుర్తు పెట్టారు. నాతో వేళాకోళమా? ఏదీ, కుడి చెయ్యి ఎత్తండి."

ఎత్తాను. అది ఎడమది. అప్పుడు వెలిగింది. పిల్లలకు ఎదురుగా నిలబడి "కుడి" అన్నప్పుడల్లా నేను ఎడమ చెయ్యే ఎత్తేదాన్ని. వాళ్లు నన్ను అద్దంలో చూసినట్టు చూసి చెయ్యాలిగా మరి.

సిగ్గుతో చచ్చిపోయాను. బతిమాలితే ఆయన ఇంకో కాగితం ఇచ్చాడు. తోచినదాన్ని కాదని రెండోది పెడదామనుకున్నాను. కానీ నాకు తోచింది పాత అలవాటా, ఇప్పుడు దిద్దుకున్నదా? పెట్టాను, కొట్టేశాను, మళ్లీ పెట్టాను. తల ప్రాణం తోకకొచ్చింది.

మేస్త్రి దిద్ది, నోరు తెరిచాడు. "ఇరవైకి ఇరవై ఒప్పు! ఎలా చేశారు?"

"తెలీదండీ," అన్నాను. ఒట్టు, నిజంగానే తెలియదు.

"సరే, సీటు మీదే. సంతకం పెట్టండి."

నా ఆనందం ఇంతా అంతా కాదు. కలం తీసుకుని తలెత్తాను. కిటికీలోంచి యార్డు కనిపిస్తోంది. ఇనుప దూలం గాల్లో వేలాడుతోంది. దాని కింద అక్క మా వైపు తిరిగి, ఒక చెయ్యి పైకెత్తి క్రేన్ డ్రైవరుకు ఏదో సైగ చేస్తోంది.

ఏ చెయ్యి? ఎంత చూసినా నాకు తేలలేదు. మేస్త్రి కాగితాన్ని ఇంకాస్త ముందుకు జరిపాడు.

"వద్దండీ," అని కలం కింద పెట్టేశాను. "కింద మా అక్క ఉంది."